పేనుకొరుకుడు, ఎగ్జిమా: ఒకే ఒంట్లో రెండూ ఎందుకు కనిపిస్తాయి? తరచుగా అడిగే ప్రశ్నలు

చిన్నప్పటి నుంచి మోచేతుల మడతల్లో, మోకాళ్ల వెనక దురదతో బాధపడుతున్న పిల్లవాడికి పన్నెండో ఏట తలమీద రూపాయి బిళ్లంత చోట జుట్టు ఊడిపోతే, ఇంట్లోవాళ్లు ఆ రెండింటినీ వేర్వేరు ఖాతాల్లో రాసుకుంటారు. దురదకు ఒక మలాము, జుట్టుకు ఒక నూనె కొంటారు. దురదకు ఒక వైద్యుణ్ణి, జుట్టుకు మరొకరిని కలుస్తారు. రెండూ ఒకే రోగనిరోధక వ్యవస్థ చేస్తున్న పొరపాట్లు కావచ్చునన్న ఆలోచన రావడానికి ఒక్కోసారి ఏళ్లు పడుతుంది. ఆ సంబంధం గురించి సాధారణంగా వచ్చే సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఇస్తున్నాం. ఇవి అవగాహన కోసమే; ఏ మందు వాడాలో నిర్ణయించవలసింది చర్మాన్ని కళ్లారా చూసిన వైద్యులే.

పేనుకొరుకుడు అంటే పేలు జుట్టును కొరికేయడమేనా?

కాదు. పేలు వెంట్రుకలను కొరకవు. మాడు మీద రక్తం పీల్చి బతుకుతాయి. ఉన్నట్టుండి ఒకచోట గుండ్రంగా, నున్నగా జుట్టు మాయమైతే ఏదో పురుగు కొరికిందని పూర్వం అనుకున్నారు, పేరు అలా స్థిరపడిపోయింది. వైద్యులు దీనిని అలోపీసియా ఏరియేటా అంటారు. వెంట్రుక కుదుళ్లను మన సొంత రోగనిరోధక కణాలే శత్రువులుగా భావించి దాడి చేయడం వల్ల వచ్చే జబ్బు ఇది. జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఇది వచ్చే అవకాశం నూటికి ఇద్దరికి ఉంటుందని అంచనా. తలమీదే కాక గడ్డంలో, కనుబొమల్లో, రెప్పవెంట్రుకల్లో కూడా రావచ్చు. కొద్దిమందికి తలమీది జుట్టంతా పోతుంది, ఇంకా కొద్దిమందికి ఒంటిమీది నూగు సైతం మిగలదు.

పేరు గురించి ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. పేనుకొరుకుడు అనగానే పేలమందు కొని తలకు పట్టించేవారు ఇప్పటికీ ఉన్నారు. చర్మం మామూలుగా ఉన్నవారికి దాని వల్ల పెద్ద నష్టం కలగకపోవచ్చు గాని, ఎగ్జిమా ఉన్న తలకు ఆ ఘాటు మందు పట్టిస్తే జుట్టు సమస్య తీరకపోగా దురద రెట్టింపవుతుంది.

ఎగ్జిమా, తామర ఒకటేనా?

తెలుగులో ఈ రెండు మాటలూ కలగాపులగం అయిపోయాయి. కొన్ని నిఘంటువులు ఎగ్జిమాకు తామర అనే అర్థం ఇస్తాయి. కాని ఊళ్లలో తామర అంటే ఎక్కువగా ఉంగరంలా అంచు కట్టి పెరిగే, ఒకరి నుంచి ఒకరికి అంటుకునే శిలీంధ్ర వ్యాధి. ఇక్కడ ఎగ్జిమా అన్నప్పుడల్లా అటోపిక్ డెర్మటైటిస్ అని పిలిచే జబ్బునే ఉద్దేశిస్తున్నాం. అది సాధారణంగా పసితనంలో బుగ్గల మీద మొదలై, పెద్దవుతున్నకొద్దీ మడతల్లోకి చేరి, చర్మాన్ని పొడిబార్చి, రాత్రిళ్లు నిద్రపోనివ్వని దురదగా మిగులుతుంది. ఇది అంటుకోదు. ఉబ్బసం, తుమ్ములతో ముక్కు కారడం వంటివి అదే మనిషిలోనో అదే కుటుంబంలోనో తరచుగా కనిపిస్తాయి.

ఈ తేడా తెలియకపోతే నష్టం చిన్నది కాదు. ఎగ్జిమాకు పనిచేసే స్టెరాయిడ్ మలామును శిలీంధ్ర తామరకు రాస్తే నాలుగు రోజులు ఎరుపు తగ్గినట్టే ఉండి, లోపల శిలీంధ్రం మరింత విస్తరిస్తుంది. మందుల దుకాణాల్లో అడిగిన వెంటనే ఇలాంటి మలాములు చేతికందుతున్నందువల్లే 2018లో కేంద్ర ప్రభుత్వం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలను వైద్యుల చీటీ ఉంటేనే అమ్మవలసిన మందుల జాబితాలోకి తెచ్చింది. నిబంధన వచ్చింది గాని, కౌంటర్ మీద మలాము అడిగి తెచ్చుకునే అలవాటు మాత్రం పోలేదు.

ఈ రెండు జబ్బులకూ సంబంధం ఉందని ఎలా తెలుసు?

పేనుకొరుకుడు ఉన్నవారిని, లేనివారిని పోల్చి చూసిన అధ్యయనాలు అనేకం ఉన్నాయి. వాటిని ఒకచోట చేర్చి 2015లో ప్రచురించిన విశ్లేషణలో, పేనుకొరుకుడు ఉన్నవారిలో ఎగ్జిమా ఉండే అవకాశం ఇతరులతో పోలిస్తే దాదాపు రెండున్నర రెట్లు ఎక్కువని తేలింది. తలమీది జుట్టంతా పోయినవారిలో ఈ సంబంధం మరింత బలంగా కనిపించింది. థైరాయిడ్ జబ్బులు, బొల్లి కూడా పేనుకొరుకుడుతో కలిసి కనిపిస్తాయి గాని, అవి దాని మాదిరే రోగనిరోధక వ్యవస్థ సొంత ఒంటి మీదే దాడి చేసే స్వయంనాశక జబ్బులు కాబట్టి వాటి స్నేహం ఆశ్చర్యం కలిగించదు. ఎగ్జిమా ఆ కోవకు చెందినది కాదు. అది ప్రధానంగా చర్మపు కంచె బలహీనపడటం, అలర్జీ తరహా ప్రతిస్పందన కలిసి పుట్టే జబ్బు. అలాంటి రెండు వేర్వేరు స్వభావాలు ఒకే ఒంట్లో ఎందుకు కలుస్తున్నాయన్నదే అసలు ప్రశ్న.

ఎగ్జిమా ఉంటే నాకు జుట్టు ఊడిపోతుందని భయపడాలా?

అక్కర్లేదు. రెండున్నర రెట్లు అన్న మాట వినడానికి పెద్దగా ఉన్నా, అసలు అవకాశమే తక్కువ కాబట్టి ఎగ్జిమా ఉన్నవారిలో అత్యధికులకు పేనుకొరుకుడు ఎన్నడూ రాదు. ఎగ్జిమా వల్ల పేనుకొరుకుడు పుట్టదు, దాని వల్ల ఇదీ పుట్టదు; రెండూ ఒకే రకపు శరీరతత్వంలో మొలకెత్తే అవకాశం ఎక్కువ, అంతే.

లోపల ఏం జరుగుతుంది?

వెంట్రుక కుదురుకు మామూలుగా ఒక ప్రత్యేక రక్షణ ఉంటుంది. పెరుగుదల దశలో ఉన్న కుదురు తన అడుగుభాగంలో, రోగనిరోధక కణాలు తనిఖీ చేసే గుర్తులను చాలా తక్కువగా బయటపెడుతుంది. ఊరి పొలిమేరలో కాపలా ఉన్నా ఒక ఇంటి తలుపు మాత్రం ఎవరూ తట్టకూడదన్న కట్టుబాటు వంటిది అది. ఏదో కారణం చేత ఆ కట్టుబాటు చెడినప్పుడు కుదురు బయటపడిపోతుంది. సీడీ8 రకపు టి కణాలనే రోగనిరోధక కణాలు తేనెటీగల గుంపులా కుదురు చుట్టూ మూగి, ఇంటర్‌ఫెరాన్ గామా అనే రసాయన సంకేతాన్ని విడుదల చేస్తాయి. ఆ సంకేతం అందుకున్న కుదురు కణాలు ఇంటర్‌ల్యూకిన్ 15 అనే మరో సంకేతాన్ని పంపి మరిన్ని టి కణాలను పిలుస్తాయి. ఇలా ఒకదానినొకటి ఎగదోసుకునే చక్రం మొదలై, వెంట్రుక ఎదగడం మానేసి రాలిపోతుంది. ఊరట కలిగించే విషయం ఒకటుంది. దాడి జరిగేది కుదురు అడుగున. కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలు కొంచెం పైన ఉండి చాలావరకు క్షేమంగా మిగులుతాయి. అందుకే ఏళ్ల తరబడి నున్నగా ఉన్న చోట కూడా జుట్టు మళ్లీ మొలిచిన సందర్భాలు ఉన్నాయి.

ఎగ్జిమా కథ చర్మం పైపొరలో మొదలవుతుంది. ఆ పొరను గట్టిగా పట్టి ఉంచే ఫిలాగ్రిన్ అనే ప్రొటీన్ జన్యువులో లోపాలు ఎగ్జిమాకు దారితీస్తాయని 2006లో స్కాట్లండ్‌లోని డండీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. కంచె సందుల్లోంచి తేమ బయటికి పోతుంది; దుమ్ములోని సూక్ష్మజీవుల అవశేషాలు, సబ్బుల రసాయనాలు లోపలికి వస్తాయి. వాటికి ప్రతిస్పందనగా ఇంటర్‌ల్యూకిన్ 4, 13, 31 వంటి సంకేతాలు పెరుగుతాయి. వీటిలో 31వది దురదకు ముఖ్య కారకుల్లో ఒకటి. గీరినకొద్దీ కంచె మరింత తెగుతుంది. ఫిలాగ్రిన్ లోపం ఉండి, ఎగ్జిమా కూడా ఉన్నవారికి పేనుకొరుకుడు వస్తే అది తీవ్రంగా సాగే అవకాశం ఎక్కువని జర్మనీలో జరిగిన ఒక పరిశోధనలో తేలింది.

పాత పాఠ్యపుస్తకాలు ఈ రెండు మార్గాలనూ త్రాసులోని రెండు తట్టల్లా చూపేవి: పేనుకొరుకుడు వంటివి ఒక తట్టలో, అలర్జీలు మరొక తట్టలో, ఒకటి పైకి లేస్తే రెండోది దిగాలి. ఆ లెక్క ప్రకారం ఎగ్జిమా ఉన్నవారికి పేనుకొరుకుడు తక్కువగా రావాలి. వాస్తవం అందుకు విరుద్ధంగా ఉంది. పేనుకొరుకుడు వచ్చిన చోట మాడు చర్మాన్ని తీసి పరీక్షించినప్పుడు, ఇంటర్‌ఫెరాన్ గామాతో పాటు అలర్జీ వైపు సంకేతాలు కూడా పెరిగి కనిపించాయి. అంటే త్రాసు బొమ్మ చదువుకోవడానికి సులువుగా ఉంది గాని, చర్మం దానిని చదువుకోలేదు.

ఎగ్జిమా ఉంటే పేనుకొరుకుడు తగ్గడం కష్టమా?

కొంతవరకు అవుననే చెప్పాలి. జబ్బు ఎలా సాగుతుందో అంచనా వేసేటప్పుడు వైద్యులు కొన్ని విషయాలు చూస్తారు. చిన్న వయసులోనే మొదలవడం, తలలో ఎక్కువ భాగం పోవడం, మెడ పైభాగం నుంచి చెవుల వెనక వరకు పట్టీలా ఊడటం, గోళ్ల మీద సూదితో పొడిచినట్టు చిన్న చిన్న గుంటలు పడటం, కుటుంబంలో మరొకరికి ఉండటం, వీటితో పాటు ఎగ్జిమా లేదా ఉబ్బసం ఉండటం కూడా అంత మంచి సూచన కాదు. పట్టీలా ఊడే రకాన్ని ఓఫియాసిస్ అంటారు. పాము అనే గ్రీకు మాట నుంచి వచ్చిన పేరు అది.

అయితే ఇవి గుంపు మీద వేసిన లెక్కలు, ఒక్కొక్కరి జాతకాలు కావు. ఒకటి రెండు మచ్చలతో ఆగిపోయినవారిలో సుమారు సగం మందికి ఏ మందూ లేకుండానే ఏడాదిలోపు జుట్టు వస్తుంది. మొదట తెల్లగా, సన్నగా మొలిచి తర్వాత నల్లబడటం సహజం. ఏడాది దాటాక మళ్లీ మరోచోట ఊడటమూ సహజమే, దానికి మనసును సిద్ధం చేసుకోవాలి.

తలలో ఎగ్జిమా వల్లే జుట్టు ఊడుతోందా, లేక పేనుకొరుకుడా? ఎలా తెలుస్తుంది?

పేనుకొరుకుడు వచ్చిన చోట చర్మం సాధారణంగా నున్నగా ఉంటుంది. పొట్టు లేవదు, రసి కారదు. కొందరికి ఊడే ముందు కొద్దిగా దురద, చురుకు అనిపించవచ్చు. మచ్చ అంచుల్లో పైన లావుగా, చర్మం దగ్గర సన్నగా ఉన్న పొట్టి వెంట్రుకలు కనిపిస్తాయి. ఆశ్చర్యార్థక గుర్తులా ఉండే ఈ వెంట్రుకలే రోగనిర్ధారణకు బలమైన ఆధారం. డెర్మోస్కోప్ అనే చిన్న భూతద్దంలో చూస్తే చర్మం మీద నల్లటి, పసుపు చుక్కలు కూడా వైద్యులకు తెలుస్తాయి.

మాడు మీద ఎగ్జిమా ఉంటే ఎరుపు, పొట్టు, గీరిన గాట్లు ఉంటాయి. జుట్టు ఒకచోట గుండ్రంగా కాక చెల్లాచెదురుగా రాలుతుంది, లేదా గీరడం వల్ల మధ్యకు తెగుతుంది. చర్మం కుదుటపడితే అదే తిరిగి వస్తుంది. పిల్లల్లో మరిచిపోకూడని మూడోది తల తామర. అక్కడ పొట్టుతో పాటు వెంట్రుకలు మొదళ్ల దగ్గరే తెగి నల్లటి చుక్కల్లా ఉంటాయి, ఒక్కోసారి చీము పట్టి మెత్తటి గడ్డ లేస్తుంది, మెడలో బిళ్లలు కడతాయి. దానికి నోటిమాత్రలు తప్పనిసరి, పైపూత చాలదు. జడ బిగించి వేయడం వల్ల నుదుటి దగ్గర పలచబడటం పూర్తిగా వేరే సంగతి.

చిక్కేమిటంటే ఎగ్జిమా ఉన్న తలలో పేనుకొరుకుడు కూడా వస్తే ఆనవాళ్లన్నీ కలిసిపోతాయి. పొట్టు ఉంది కదా అని ఎగ్జిమా మందు మాత్రమే వాడుతూ నెలలు గడపడం, లేదా మచ్చ ఉంది కదా అని పొట్టును పట్టించుకోకపోవడం, రెండూ జరుగుతుంటాయి.

ఏయే పరీక్షలు అవసరం?

చాలామందికి చూడగానే తెలిసిపోతుంది. థైరాయిడ్ పరీక్ష తరచుగా చేయిస్తారు. లక్షణాలను బట్టి ఇనుము నిల్వలు, విటమిన్ డి చూస్తారు. తామర అనుమానం ఉంటే పొట్టు గీకి పరీక్షకు పంపుతారు. ఎగ్జిమా ఉన్నవారిలో ఐజీఈ (అలర్జీ తత్వం ఉంటే రక్తంలో పెరిగే ప్రొటీన్) పరీక్ష ఎప్పుడు పనికొస్తుందో కింద డుపిలుమాబ్ ఇంజెక్షన్ గురించిన ప్రశ్న దగ్గర చెప్పాం. పదివేలు పోసి అలర్జీ ప్యానెళ్లు చేయించుకోవడం పేనుకొరుకుడు విషయంలో ఉపయోగపడదు.

చికిత్స ఎలా మొదలవుతుంది?

పెద్దవాళ్లలో కొద్ది మచ్చలుంటే ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను చిన్న సూదితో మచ్చలోకి ఎక్కిస్తారు. నాలుగు నుంచి ఆరు వారాలకొకసారి, మిల్లీలీటరుకు రెండున్నర నుంచి 10 మిల్లీగ్రాముల బలంతో ఇవ్వడం వాడుక. ఎక్కించిన చోట చర్మం తాత్కాలికంగా గుంట పడవచ్చు. చిన్న పిల్లలు సూదిని తట్టుకోలేరు కాబట్టి వారికి బలమైన స్టెరాయిడ్ పైపూతతో మొదలుపెడతారు. ఎగ్జిమా ఉన్న పిల్లలకు ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తలకు ఇచ్చిన బలమైన మందును మొహానికో మడతలకో రాయకూడదు, అక్కడ చర్మం పలచన. ట్యూబుల మీద ఇది తలకు, ఇది ఒంటికి అని ఇంట్లోనే పెన్నుతో రాసి పెట్టుకోవడం మంచిది.

జుట్టు పెరగడానికి తలకు రాసే మినాక్సిడిల్ అనే మందును అదనపు సాయంగా వాడతారు. ద్రవరూపంలో దొరికే మినాక్సిడిల్‌లో సాధారణంగా ప్రొపిలీన్ గ్లైకాల్ ఉంటుంది. ఎగ్జిమా ఉన్న మాడుకు అది మంట, దురద తెప్పించడం మామూలే. మందు పడలేదని మానేసేవారిలో కొందరికి పడనిది మినాక్సిడిల్ కాదు, దానిని కరిగించిన ద్రవం. నురగ రూపంలోని మందులో సాధారణంగా అది ఉండదు. మంట పెట్టిందని చెబితే వైద్యులు మార్చి ఇస్తారు.

తలకు కావాలనే ఎగ్జిమా తెప్పించే చికిత్స ఉందట, నిజమా?

నిజమే, ఈ మొత్తం విషయంలో విచిత్రమైన భాగం ఇదే. డీపీసీపీ అనే రసాయనాన్ని మొదట 2 శాతం బలంతో మాడు మీద చిన్న చోట రాసి, శరీరానికి దానిపై అలర్జీ కలిగేలా చేస్తారు. రెండు వారాల తర్వాత అతి పలచన ద్రావణంతో, 0.001 శాతం నుంచి మొదలుపెట్టి, వారానికొకసారి రాస్తూ బలం పెంచుతారు. రాసిన ఒకటి రెండు రోజులు తల ఎర్రబడి, కొద్దిగా దురద పెట్టాలి. 48 గంటల తర్వాత కడిగేస్తారు, అంతవరకు వెలుతురు తగలకుండా కప్పి ఉంచాలి. కుదురు చుట్టూ చేరిన కణాల దృష్టిని కొత్త అలర్జీ మళ్లిస్తుందని వివరణ. జుట్టు పోవడానికి కారణమైన వ్యవస్థనే మరో పనికి పురమాయించి జుట్టు తెచ్చుకోవడమన్నమాట.

ఒంటినిండా ఎగ్జిమా ఉన్నవారికి మాత్రం ఇది కత్తిమీద సాము. తలకు పరిమితం కావలసిన అలర్జీ మెడకు, మొహానికి పాకి, పాత ఎగ్జిమా మళ్లీ రాజుకోవచ్చు; పైగా అలాంటివారిలో ఫలితం తక్కువగా ఉంటుందని వైద్యుల అనుభవం. అందుకే ఈ చికిత్స మొదలుపెట్టే ముందు చిన్నప్పటి ఎగ్జిమా సంగతి కూడా దాచకుండా చెప్పాలి, ఇప్పుడు తగ్గిపోయినా సరే.

ఒకే మాత్ర రెండింటికీ పనిచేస్తుందంటున్నారు. అదేమిటి?

జాక్ నిరోధకాల గురించి విని ఉంటారు. పైన చెప్పిన ఇంటర్‌ఫెరాన్ గామా, ఇంటర్‌ల్యూకిన్ 15, 4, 13 వంటి సంకేతాలు కణం తలుపు తట్టగానే లోపల కబురు మోసే ఎంజైములు కొన్ని ఉంటాయి; వాటి కుటుంబం పేరు జానస్ కైనేజ్, పొట్టిగా జాక్. రెండు ముఖాలున్న రోమన్ దేవత జానస్ పేరు పెట్టారు. పేనుకొరుకుడు సంకేతాలూ, ఎగ్జిమా సంకేతాలూ రెండూ జాక్ 1 గుండా పోతాయి. ఆ దారి మూస్తే రెండు వైపులా కబురు ఆగుతుంది.

అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆంజెలా క్రిస్టియానో, రఫాయెల్ క్లైన్స్ బృందాలు 2014లో ఈ మార్గాన్ని ఎలుకల్లో చూపించి, ముగ్గురు రోగులకు రుక్సోలిటినిబ్ మాత్రలు ఇస్తే కొద్ది నెలల్లో జుట్టు తిరిగి వచ్చిందని ప్రకటించాయి. క్రిస్టియానోకు స్వయంగా పేనుకొరుకుడు ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2022 జూన్‌లో తీవ్రమైన పేనుకొరుకుడు ఉన్న పెద్దలకు బారిసిటినిబ్‌ను, 2023 జూన్‌లో 12 ఏళ్లు దాటినవారికి రిట్లెసిటినిబ్‌ను, 2024 జులైలో పెద్దలకు డ్యూరుక్సోలిటినిబ్‌ను ఆమోదించింది. ఇదే బారిసిటినిబ్‌కు ఐరోపా సమాఖ్య 2020లోనే ఎగ్జిమాకు అనుమతి ఇచ్చింది. ఎగ్జిమాకు వాడే ఉపడాసిటినిబ్, అబ్రోసిటినిబ్ కూడా ఈ కుటుంబానివే.

ఫలితాలను ఉన్నదున్నట్టు చెప్పాలి. సగానికి పైగా జుట్టు పోయినవారిపై జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో, రోజుకు 4 మిల్లీగ్రాముల బారిసిటినిబ్ వాడినవారిలో 36 వారాలకు తలలో 80 శాతం లేదా అంతకు మించి జుట్టు వచ్చినవారు నూటికి 36 నుంచి 39 మంది. ఉత్తుత్తి మాత్ర వాడినవారిలో 3 నుంచి 6 మంది. అంటే ఇది నిజంగా పనిచేసే మందే, అయినా సగానికి పైగా మందికి ఆ కాలంలో ఆ స్థాయి ఫలితం రాలేదు. మాత్ర మానేస్తే చాలామందికి జుట్టు మళ్లీ ఊడుతుంది.

మన దేశంలో టోఫాసిటినిబ్, బారిసిటినిబ్ జనరిక్ రూపంలో దొరుకుతాయి. కోవిడ్ రెండో ఉప్పెన నడుస్తున్న 2021 మే నెలలో బారిసిటినిబ్ తయారీకి లైసెన్సు పొందిన భారతీయ కంపెనీల్లో హైదరాబాద్‌కు చెందిన నాట్కో కూడా ఉంది. మందు అందుబాటులోకి రావడం మంచిదే. కాని ధర తగ్గినంత మాత్రాన ప్రమాదం తగ్గదు. తీవ్రమైన ఇన్ఫెక్షన్లు, గుండెపోటు, రక్తం గడ్డకట్టడం, కొన్ని క్యాన్సర్లు రావచ్చన్న హెచ్చరికను అమెరికాలో ఈ తరగతి మాత్రల మీద పెట్టెగీసి ముద్రిస్తారు. మన దగ్గర మొదటి జాగ్రత్త క్షయ గురించే: ఒంట్లో నిద్రాణంగా ఉన్న క్షయ ఈ మందులతో లేచి కూర్చోవచ్చు కనుక, మొదలుపెట్టక ముందే దానికి, హెపటైటిస్‌కు పరీక్షలు చేయించాలి; మధ్యమధ్య రక్తకణాలు, కాలేయం, కొవ్వులు చూసుకోవాలి. వాడుతున్నంతకాలం జీవ టీకాలు, అంటే బలహీనపరిచిన సజీవ క్రిములతో చేసిన టీకాలు, వేయించుకోకూడదు. పక్కింటివారికి పనిచేసిందని వారి చీటీ చూపించి కొనుక్కునే మందు ఇది కాదు.

డుపిలుమాబ్ ఇంజెక్షన్‌తో జుట్టు వస్తుందా, పోతుందా?

రెండూ జరిగాయి. ఇంటర్‌ల్యూకిన్ 4, 13 సంకేతాలను అడ్డుకునే ఈ ఇంజెక్షన్‌ను 2017లో అమెరికాలో ఎగ్జిమాకు ఆమోదించారు. ఎగ్జిమా కోసం దీనిని వాడుతున్నవారిలో కొందరికి ఏళ్ల నాటి పేనుకొరుకుడు తగ్గి జుట్టు వచ్చినట్టు వైద్యులు నమోదు చేశారు. మరికొందరికి అంతకుముందు లేని పేనుకొరుకుడు కొత్తగా మొదలైంది. పేనుకొరుకుడు ఉన్న 60 మందిపై చేసిన, 2022లో ప్రచురితమైన పరీక్షలో, రక్తంలో ఐజీఈ 200 యూనిట్లు లేదా అంతకు మించి ఉన్నవారిలో, అంటే అలర్జీ తత్వం బలంగా ఉన్నవారిలో, మెరుగైన ఫలితం కనిపించింది. దీనినిబట్టి పేనుకొరుకుడు అందరిలోనూ ఒకే దారిన రాదని, ఎగ్జిమా తత్వం ఉన్నవారిలో అలర్జీ వైపు సంకేతాల పాత్ర ఎక్కువని అనుకోవచ్చు. నా దృష్టిలో ఈ రెండు జబ్బుల సంబంధానికి ప్రయోగశాల బయట దొరికిన గట్టి సాక్ష్యం ఇదే.

ఉల్లిపాయ, వెల్లుల్లి, గురివింద గింజ రుద్దవచ్చా?

ఉల్లిరసం గురించి ఇరాక్‌లో ఒక చిన్న అధ్యయనం జరిగింది; 2002లో ప్రచురితమైంది. రాసుకున్న 23 మందిలో చాలామందికి ఆరు వారాల్లో జుట్టు మొలిచిందని అందులో రాశారు. సంఖ్య చిన్నది, పైగా దానంతటదే తగ్గే జబ్బు ఇది. అయినా ఆరోగ్యమైన చర్మం మీద ఉల్లి రాసుకుంటామంటే పెద్దగా అడ్డు చెప్పనక్కర్లేదు. ఎగ్జిమా ఉన్న తల మీద మాత్రం వద్దు. పచ్చి వెల్లుల్లి అయితే మామూలు చర్మాన్నే కాల్చి బొబ్బలు లేపుతుంది.

గురివింద గింజ నూరి రాసే అలవాటు మన పల్లెల్లో ఉంది. ఆ గింజలో అబ్రిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది. నూరితే అది బయటపడుతుంది. గీరుకుని చిట్లిన చర్మం మీద రాయడం, ఆ చేయి పిల్లల నోట్లోకి పోవడం ప్రాణాలకే ముప్పు. ఈ ఒక్క విషయంలో మధ్యేమార్గం లేదు, పూర్తిగా మానాలి.

గుండు చేయిస్తే ఒత్తుగా వస్తుందా?

రాదు, పోదు కూడా. కత్తి తగిలేది చర్మం పైన ఉన్న వెంట్రుకకే. జబ్బు ఉన్నది కుదురు అడుగున. తిరుపతిలో తలనీలాలు ఇవ్వాలన్న మొక్కు ఉంటే నిరభ్యంతరంగా తీర్చుకోవచ్చు. మాడు మీద ఎగ్జిమా పచ్చిగా ఉంటే మాత్రం అది మానే వరకు ఆగడం మంచిది. కొత్త బ్లేడు అడిగి పెట్టించుకోవాలి.

తలంటు, నూనె, రంగు విషయంలో ఏం పాటించాలి?

కొబ్బరినూనె పలచగా రాసుకోవడం వల్ల హాని లేదు, అలాగని పేనుకొరుకుడు తగ్గదు. సున్నిపిండితో గట్టిగా నలుగు పెట్టడం, కుంకుడురసంతో రోజూ తలంటడం పొడిబారిన చర్మాన్ని మరింత పొడి చేస్తాయి. గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సున్నితమైన షాంపూ చాలు. స్నానం చేసిన వెంటనే తడి పూర్తిగా ఆరకముందే ఒంటికి మాయిశ్చరైజర్ రాయడం ఎగ్జిమాకు అన్ని మందులకన్నా ముందు చేయవలసిన పని, నిత్యం చేయవలసిన పని.

జుట్టుకు వేసే నల్ల రంగుల్లో, నల్ల హెన్నా పేరుతో అమ్మే పొడుల్లో చాలావాటిలో అలర్జీ కలిగించే రసాయనమైన పారాఫినైలిన్‌డయమైన్ ఉంటుంది. అది తీవ్రమైన స్పర్శ అలర్జీ కలిగించగలదు. మచ్చల్లో తెల్లగా మొలిచిన కొత్త జుట్టును దాచాలన్న తొందరలో రంగు వేసి, మొహమంతా వాచి ఆసుపత్రికి పోయేవారుంటారు. ఆ తెల్లదనం సాధారణంగా తాత్కాలికం.

పథ్యం చేయాలా?

వంకాయ, గోంగూర, చేపలు, గుడ్లు మానమని ఇంట్లో పెద్దలు చెబుతారు. పేనుకొరుకుడుకు పథ్యంతో సంబంధం లేదు. ఎగ్జిమాలో, ముఖ్యంగా పసిపిల్లల్లో, కొందరికి ఫలానా ఆహారంతో అలర్జీ నిజంగానే ఉంటుంది. తిన్న కొద్దిసేపటికే దద్దుర్లు, వాపు, వాంతులు అవుతుంటే వైద్యులకు చెప్పి నిర్ధారించుకోవాలి. ఊహ మీద ఒక్కొక్కటీ మానిపిస్తూ పోతే పిల్లలకు మాంసకృత్తులు, ఇనుము తగ్గుతాయి, ఆ లోటు వల్ల జుట్టు మరింత రాలుతుంది.

ఇది బడిలో ఇతర పిల్లలకు అంటుకుంటుందా?

రెండూ అంటుకోవు. దువ్వెన పంచుకోవడం, పక్కన కూర్చోవడం వల్ల రావు. అనుమానం ఉంటే ఇది తల తామర కాదని వైద్యుల చేత ఒక చీటీ రాయించుకుని ఉపాధ్యాయులకు ఇవ్వండి. ఆ ఒక్క కాగితం పిల్లవాణ్ణి చాలా మాటల నుంచి కాపాడుతుంది. టోపీ పెట్టుకోనివ్వమని అడగడానికి మొహమాటపడనక్కర్లేదు. అమ్మాయిల విషయంలో పెళ్లి ప్రస్తావన తెచ్చి పదిహేనేళ్లకే భయపెట్టే బంధువుల మాట పిల్ల చెవిన పడకుండా చూడటం తల్లిదండ్రుల పని.

వైద్యుల దగ్గరకు వెళ్లేటప్పుడు ఏం చెప్పాలి?

జుట్టు గురించి వెళ్లినా చొక్కా చేతులు పైకి మడిచి మోచేతుల మడతలు చూపించండి. దురద గురించి వెళ్లినా తలలోని మచ్చ చూపించండి. పసితనంలో బుగ్గల మీద ఎరుపు ఉండేదా, ఉబ్బసం ఉందా, ఇంట్లో థైరాయిడ్, బొల్లి, పేనుకొరుకుడు ఎవరికైనా ఉన్నాయా అన్నవి అడగకపోయినా చెప్పండి. ఇంతవరకు రాసిన ప్రతి మలాము ట్యూబునూ, ఖాళీదైనా సరే, ఒక సంచిలో వేసి తీసుకెళ్లండి. పేరు గుర్తులేని మలాములో ఏముందో ట్యూబు చూస్తేనే తెలుస్తుంది. మచ్చకు పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి నెలకొకసారి ఫోన్‌లో ఫోటో తీసుకుంటే, అది పెరుగుతోందో తగ్గుతోందో జ్ఞాపకం మీద ఆధారపడి వాదించుకోవలసిన పని ఉండదు.

కనుబొమలు, రెప్పవెంట్రుకలు కూడా పోతున్నా, వారాల వ్యవధిలో మచ్చలు ఒకదానితో ఒకటి కలుస్తున్నా, ఎగ్జిమా ఉన్నచోట చీము, జ్వరం, లేదా గుంపుగా నొప్పి పెట్టే నీటి పొక్కులు వచ్చినా తర్వాతి అపాయింట్‌మెంట్ కోసం ఎదురుచూడకూడదు. ఆ పొక్కులు హెర్పిస్ వైరస్ ఎగ్జిమా చర్మం మీద పాకడం వల్ల కావచ్చు, దానికి అదే రోజు చికిత్స అందాలి.